కునుకు పెద్దమ్మ ఇళ్ల సర్దుబాటు

ఒక్క కునుకు తీస్తే గాని కునుకు పెద్దమ్మకు ఏ ఇంటి సంగతీ అంతుపట్టదు. టెలిఫోను ఎక్స్ఛేంజీలో ఏళ్ల తరబడి రాత్రి డ్యూటీ చేసి రిటైరైన మనిషి. అప్పుడు పోగొట్టుకున్న నిద్రంతా ఇప్పుడు ఇరుగుపొరుగు ఇళ్లలో రాబట్టుకునేది.

ఆ ఇళ్ల సముదాయంలో అందరిదీ ఒకటే భోజనశాల, ఒకటే తోట. ఇళ్లు మాత్రం ఒంటి గదివీ ఉన్నాయి, మూడు గదులవీ ఉన్నాయి. కుటుంబం పెరిగినా తరిగినా, రెండిళ్లవాళ్లూ ఒప్పుకుంటే ఇళ్లు మార్చుకోవచ్చు. ఎవరికి ఏ ఇల్లు సరిపోతుందో చెప్పే పని పెద్దమ్మకు అప్పగించారు. అప్పగించారంటే, ఆవిడే తీసేసుకుంది. తలగడ చంకన పెట్టుకుని వచ్చి తలుపు తట్టేది.

"టేపు పెట్టి కొలవచ్చుగా పెద్దమ్మా?"

"టేపుకు పక్కింటాయన గురక వినబడుతుందా?" అనేది, అప్పటికే నడుం వాలుస్తూ.

లెక్కల మాస్టారింటికి చుట్టాలొచ్చిన రోజున సోఫా నిండా ఆవిడే. పాపం, చుట్టాలు గడప దగ్గరే గుసగుసలాడుకుని వెళ్లిపోయారు. మాస్టారి భార్య ఆ రోజునుంచి పెద్దమ్మకు భక్తురాలైపోయింది.

ఒంటి గది ఇంట్లో ఉండే నర్సుకు, కవలలు పుట్టేదాకా ఇదంతా నవ్వులాటే. తర్వాత ఆ గదిలోనే మొగుడు, అత్తగారు, రెండు ఉయ్యాలలు. కాలు పెట్టే చోటు లేదు. నెలాఖరులోగా పెద్ద ఇల్లు దొరక్కపోతే ఊరవతల అద్దెకు పోవడమే గతి. అలాంటి సమయంలో పెద్దమ్మ వచ్చి ఉయ్యాలల మధ్య దూరి పడుకుంటే నర్సుకు ఒళ్లు మండింది. అయినా పక్కనే కూలబడి, "నాకు ఇక్కణ్ణించి వెళ్లాలని లేదు" అని పైకే గొణుక్కుంటూ ఏడ్చేసింది.

మూడు గదుల ఇంట్లో వడ్రంగి ఒక్కడే ఉంటున్నాడు. భార్య పోయిన మనిషిని ఇల్లు మారమని అడిగే ధైర్యం ఎవరికీ లేదు. మర్నాడు పెద్దమ్మ అక్కడ కునుకు తీసి, లేస్తూనే అతన్ని రెక్క పుచ్చుకుని నర్సు ఇంటికి లాక్కొచ్చింది.

"నువ్వూ ఇక్కడ ఓ కునుకు తియ్యి నాయనా. పిల్లల్ని మేం చూసుకుంటాంలే."

భోజనాల గంట మోగినా వడ్రంగి లేవలేదు. నర్సు పిల్లల్నెత్తుకుని వాకిట్లో నిలబడింది. జనమంతా తిండి మానేసి చుట్టూ చేరారు. చివరికి అతను కళ్లు నులుముకుంటూ బయటికొచ్చాడు.

"మా ఆవిడ పోయాక ఇంత నిద్ర పట్టలేదమ్మా. బయట మనుషుల అలికిడి ఉంది, హాయిగా ఉంది. ఆ గదుల్లో ఒక్కణ్ణీ తిరగలేక చస్తున్నాను. ఈ ఇల్లు నాకిచ్చి నువ్వక్కడికి పో. ఉయ్యాలలు నేనే బిగిస్తాను."

ఇంకేముంది, సముదాయమంతా ఒక్క కేక పెట్టింది. మంచాలు, బిందెలు, కుర్చీలో కూర్చున్న అత్తగార్ని కుర్చీతో సహా మోసుకుపోయారు. ఆవిడ దారి పొడుగునా అందరికీ చెయ్యి ఊపింది.

కొత్త ఇంట్లో కొక్కేలు బిగిస్తూ వడ్రంగి గొంతు తగ్గించాడు. "ఏమ్మా, పెద్దమ్మ నిజంగానే నిద్రపోతుందంటావా? ఇక్కడ కునుకు తీసినప్పుడు, నిద్రలో ఉంది కదా అని, ఎవరికీ చెప్పుకోనివన్నీ పక్కన కూర్చుని చెప్పేసుకున్నాను."

నర్సుకు తన ఏడుపు గుర్తొచ్చింది. గబగబా వెతుక్కుంటూ వెళ్తే, ఇంకా సర్దని పరుపుల మీద పెద్దమ్మ ముసుగుతన్ని పడుకుని ఉంది. నర్సు ఆవిడ చెవి దగ్గరికి వంగింది.

"పెద్దమ్మా, ఇల్లు సరిగ్గా సరిపోయింది."

"ఊ," అంది పెద్దమ్మ నిద్రలోనే, గోడ వైపు తిరుగుతూ.