ఈకల కిరీటం ముందు నజరానా

వరంగల్ నుంచి వచ్చిన ఒక ఉత్తరం నన్ను చెరోకీకి పంపింది.

నేను వరంగల్‌లో ఒక బట్టల మిల్లులో మగ్గాల సూపర్‌వైజరును. కొత్త యంత్రాల పని నేర్చుకుని రమ్మని మిల్లువారు నన్ను ఆరు నెలలకు అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రానికి పంపారు. అది 1949 వేసవి. వర్ధన్నపేట వైపు పదకొండు గ్రామాల మీద మా తాతగారికి పెత్తనం ఉండేది. ఆయన పోయాక గ్రామాలు పోయాయి, కోటలాంటి మా ఇల్లు, గడి, కూడా పోయింది. మిగిలినవి రెండే: ఆయన దర్బారు దుస్తులు, ఆయన మేనా. మేనా అంటే పైకప్పు ఉండి, నలుగురు మోసే పల్లకి. ఇప్పుడది హనుమకొండలో మా చిన్నాన్న వసారాలో ఉంది. జాలి కోసం చెప్పడం లేదు, సంగతి తెలియాలని చెబుతున్నాను.

ఉత్తరం రాసినాయన వరంగల్ కోట దగ్గర యాత్రికుల కోసం లాడ్జి కడుతున్నాడు. తిరిగి వచ్చాక నేను మిల్లు మానేయాలట. రోజూ సాయంత్రం తాతగారి దుస్తుల్లో, తాతగారి మేనాలో లాడ్జి వాకిట దిగాలట. బొంబాయి నుంచీ ఢిల్లీ నుంచీ వచ్చేవారు వెనకటి దొరతనం చూసి ఆనందిస్తారట. జీతం మిల్లు జీతానికి రెట్టింపు. 'అందరూ మిమ్మల్ని మళ్లీ దొరా అనే పిలుస్తారు' అని రాశాడు. ఆ వాక్యం నాకు నచ్చలేదంటే అబద్ధం. పదకొండేళ్లుగా మగ్గాల మోతలో నాకంటే చిన్నవాళ్లు నన్ను కేకేసి పిలుస్తున్నారు. నెలాఖరులోగా జవాబు కావాలన్నాడు.

ఈ సంగతి ఇక్కడి మిల్లు ఫోర్‌మన్‌కు చెబితే, "కొండల్లో చెరోకీ తెగవాళ్ల రాజధాని ఉంది. అక్కడ వాళ్ల నాయకుడే రోడ్డు మీద నిలబడి అందరికీ కనిపిస్తాడు. ఎక్కడెక్కడివాళ్లో కార్లు వేసుకుని వెళ్తారు" అన్నాడు. వంశం ఉన్న మనిషి వచ్చినవారిని ఎలా ఆదరిస్తాడో ఒకసారి చూసి, అప్పుడు జవాబు రాద్దామనుకున్నాను.

తోడు దావీదు వచ్చాడు. హనుమకొండ మిషన్ దవాఖానలో కాంపౌండరు. అతనూ శిక్షణ కోసం వచ్చి, మా మిల్లు ఊరికి దగ్గరలోని ఒక ఆస్పత్రిలో ఉన్నాడు. అతనిది మా ఊరే, మాదిగవాడ. చెరోకీలో బస కోసం తన చర్చివాళ్ల దగ్గర ఒక చీటీ రాయించుకుని తెచ్చాడు.

శనివారం పొద్దున అయిదున్నరకు బస్సు. ఆష్‌విల్ పట్నం దాకా టికెట్టు రెండు డాలర్ల పది సెంట్లు. నేను షేర్వాణీ వేసుకుని, తెల్ల తలపాగా చుట్టుకుని మూడో వరసలో కూర్చున్నాను. డ్రైవరు వచ్చి ఎక్కడివాళ్లమని అడిగాడు. "హైదరాబాదు సంస్థానం" అన్నాను. అతను ఆ పేరు వినలేదు. నా తలపాగా చూశాడు, దావీదు మొహం చూశాడు, కాసేపు ఆలోచించి చివరి బెంచీ వైపు వేలు చూపాడు. అక్కడ నల్లవాళ్లు కూర్చుని ఉన్నారు.

"నా దగ్గర టికెట్టు ఉంది" అన్నాను.

"వెనక సీటుకూ అదే టికెట్టు" అన్నాడు.

నేను కదల్లేదు. దావీదు నా మోచేయి పట్టుకున్నాడు. "లేవుండ్రి దొరా. ఈడ పంచాయితి పెట్టుకుంటె బస్సు మనల్ని ఇడిసిపెట్టి పోతది."

చక్రం మీది బెంచీ అది. మా ఊళ్లో దావీదు వాళ్లు మా ఎదుట నేల మీద కూడా కూర్చునేవారు కాదు. ఇక్కడ ప్రతి మలుపులోనూ నా మోకాలు అతని మోకాలికి తగులుతోంది. నా మొహం చూసి మెల్లగా అన్నాడు, "ఫికర్ జేయకుండ్రి. మీరు నా పక్కపొంటి కూసున్నరని ఊళ్లె ఎవలికీ చెప్ప."

పది గంటలకు ఆష్‌విల్. మాలాంటివారికి కాఫీ పక్క కిటికీలోంచి ఇచ్చారు, కప్పు ఐదు సెంట్లు. నిలబడే తాగాం. పదిన్నరకు కొండల బస్సు ఎక్కాం, మనిషికి డాలరు ముప్పై. దారి చాలా బాగుంటుంది. వాన వెలిశాక ఏటూరునాగారం అడవి మీద లేచే ఆవిరి లాంటిది ఇక్కడి కొండల మీద రోజంతా కదలకుండా ఉంటుంది, కాకపోతే నీలంగా. కనుమ దాటి దిగేటప్పుడు చెవులు మూసుకుపోయాయి.

ఒంటిగంటకు చెరోకీలో దిగాం. రాజధాని అంటే నేను కోటనో, కనీసం పెద్ద దర్వాజానో ఊహించుకున్నాను. ఏటి వెంట ఒకే రోడ్డు, దానికి రెండు వైపులా దుకాణాలు, దుకాణాల ముందు కార్లు. ఒక చోట గొలుసుకు కట్టిన ఎలుగుబంటి సీసా ఎత్తి సోడా తాగుతోంది. సోడా కొనిచ్చినవాళ్లు చప్పట్లు కొడుతున్నారు. 'చెరోకీ కంబళి' అని రాసినదాన్ని తిరగేసి అంచు చూశాను. కరెంటు మగ్గం మీద నేసిన సరుకు. అలాంటి మగ్గాల మధ్యనే నేను రోజూ నిలబడుతున్నాను.

ఒక్కో దుకాణం ముందు ఒక్కో మనిషి నిలబడి ఉన్నాడు. నుదుటి నుంచి నడుము దాకా వేలాడే తెల్ల ఈకల కిరీటం, పక్కన తోలు గుడారం. అందరిలోకీ పెద్దవాడిని, పొడుగ్గా నిటారుగా ఉన్న ముసలాయనను, నాయకుడిగా ఎంచుకున్నాను.

మా సంస్థానంలో పెద్దల దర్శనానికి వట్టి చేతులతో వెళ్లరు. జేబురుమాలు రెండరచేతుల మీద పరిచి, దాని మీద నాణెం ఉంచి, వంగి చాపుతాం. అదే నజరానా. వారు దాన్ని వేలితో తాకితే చాలు, మన మర్యాద అందినట్టు. నేను వెండి డాలరు పెట్టి, పద్ధతి ప్రకారం మూడడుగుల దూరంలో ఆగి, వంగాను.

ఆయన డాలరు తీసి చుట్టల పెట్టెలో వేశాడు. గుడారం పక్కకు జరిగి, చేతులు కట్టుకుని, గడ్డం పైకెత్తి బొమ్మలా నిలబడిపోయాడు. నేను తల వంచి ఎదురుచూస్తున్నాను. ఆయనా ఎదురుచూస్తున్నాడు. కాసేపటికి పెదవులు కదపకుండా అడిగాడు, "మీ కెమెరా ఏది?"

దావీదు మొహం పక్కకు తిప్పుకున్నాడు. అతని భుజాలు కదులుతున్నాయి.

"ఫోటో కోసం రాలేదు. మీ నాయకత్వానికి గౌరవం చెప్పడానికి వచ్చాను" అన్నాను.

ఆయన చేతులు దించాడు. "నాయకుడా? ఆయన్ని మేం ఓట్లేసి ఎన్నుకుంటాం. అదిగో, ఆ ఆఫీసులో కోటు వేసుకుని కూర్చుంటాడు. ఇవాళ శనివారం కదా, చేపలు పట్టడానికి పోయుంటాడు." పెట్టె తెరిచి మూడు పావుడాలర్లు ఏరి నా రుమాల్లో వేశాడు. "ఫోటోకు పావే."

నా చెవులు కాలిపోయాయి. కిరీటం సంగతి అడిగాను. ఇక్కడికి వెయ్యి మైళ్ల అవతల, పడమటి మైదానాల్లో గుర్రాల మీద తిరిగే వేరే తెగలవాళ్లదట. పోస్టులో తెప్పించాడట. గుడారమూ వాళ్లదేనట, చెరోకీలు ఎప్పుడూ కొయ్య ఇళ్లలోనే ఉన్నారట. ఇదంతా దుకాణదారు ధర చెప్పినంత మామూలుగా చెప్పాడు.

దావీదు బస చీటీ చూపించాడు. ఆయన చదివి నవ్వాడు. "ఈ హెన్రీని నేనే. ఆరింటిదాకా ఇక్కడే ఉంటాను. వంతెన దాటి ఎడమకు పొండి, మా ఆవిడ ఉంటుంది."

బస మనిషికి డాలరున్నర, రెండు పూటల భోజనం అందులోనే. దుంగలతో కట్టిన శుభ్రమైన ఇల్లు. మొక్కజొన్న పిండిలో చిక్కుడు గింజలు కలిపి, ఆకుల్లో చుట్టి ఉడికించిన రొట్టె పెట్టారు. దావీదు నాలుగు తిన్నాడు. హెన్రీ ముతక పనిబట్టల్లో వచ్చి కూర్చున్నాడు. ఈకలు లేకపోతే మా మిల్లులో ఫిట్టరులా ఉన్నాడు. తను పనిచేసే కొయ్య కోత మిల్లు మూతపడ్డాక, వేసవిలో రోడ్డు మీద నిలబడి, చలికాలంలో కట్టెలు కొట్టి బతుకుతున్నాడట.

నా తలపాగా వైపే చూస్తూ లేచి, మంచం కింది పెట్టె తెరిచాడు. అందులో మడిచిన పూల అద్దకం గుడ్డ, నడికట్టు ఉన్న పొడుగు కోటు ఉన్నాయి.

"మా తాత. ఇలాగే గుడ్డ చుట్టేవాడు, మీలాగే. మా పెద్దలందరూ అంతే" అన్నాడు. "ఒక వేసవిలో పది రోజులు ఇది కట్టుకుని నిలబడ్డాను. ఒక్క కారూ ఆగలేదు. ఒకావిడ మాత్రం, మీది ఏ సర్కసు అని అడిగింది."

నేను లాడ్జి ఉత్తరం సంగతి చెప్పాను. కొంచెం గర్వంగానే చెప్పాను. తర్వాత అడగకూడనిది అడిగాను. "ఆ ఈకలతో నిలబడడం సిగ్గనిపించదా?"

దావీదు నా వైపు గుర్రుగా చూశాడు. హెన్రీకి మాత్రం కోపం రాలేదు. "ఈకలు నావి కావు. వాళ్లు పావుడాలరిచ్చి తీసుకుపోయేది ఈకల్ని. మా తాత పెట్టెలో ఉన్నాడు. నువ్వు మీ తాతనే కట్టుకుని నిలబడతానంటున్నావు." గుడ్డను మడతల ప్రకారమే మడిచి, పెట్టె మూసి, తాళం వేశాడు.

ఆదివారం వాళ్లతో చర్చికి వెళ్లాం. పాటల పుస్తకం వాళ్ల సొంత లిపిలో ఉంది. అలాంటి అక్షరాలు నేనెక్కడా చూడలేదు. వాటిని ఆ తెగ మనిషే ఒకడు కనిపెట్టాడట. లిపి ఉన్న జాతి రోడ్డు మీద పరాయి ఈకలు పెట్టుకుని నిలబడుతోందని తలచుకుంటే నాకు పాట చెవికెక్కలేదు.

ఒంటిగంటంబావుకు తిరుగు బస్సు. ఈసారి ఎవరూ వేలు చూపక్కర్లేదు, మేమే వెనక్కి వెళ్లాం. లాడ్జివాడిని నాకు వేరే దుస్తులు కుట్టించమని చెప్పి ఆ పనికి ఒప్పుకుందామని, తాతగారివి పెట్టెలోనే ఉంచుదామని నేను దాదాపు నిర్ణయించుకున్నాను. అదే దావీదుతో అన్నాను.

"మంచిదే. మీరు మేనాల కూసుంటరు. మోసేటోళ్లో?"

"బోయీలను లాడ్జివాళ్లే చూసుకుంటారు."

"ముందట ఉరికేటోడు?"

నేను ఉత్తరం ఉన్న జేబు తడుముకున్నాను. అతను చెయ్యి చాచాడు. ఉత్తరం తీసి ఇచ్చాను. రెండో పేజీలో వేలు పెట్టి మెల్లగా పైకి చదివాడు: "'మేనా ముందు పరుగెత్తి జనాన్ని దారిలోంచి తప్పించే మనుషులు మీ ఊరి పాత కుటుంబాలవారే అయితే, అతిథులకు అసలైనది చూపినట్టుంటుంది.'"

ఆ వాక్యాన్ని నేను అంతకుముందే మూడుసార్లు చదివాను. మూడుసార్లూ నా కన్ను దాని మీంచి జారి, కింది వాక్యంలోని 'దొరా' దగ్గర ఆగింది.

"మా అయ్య ఉరికిండు" అన్నాడు దావీదు. "ఊరికాడికెల్లి హనుమకొండ దాక, మీ తాత ముందట. ఎండకాలం సుత. మీ తాత లోపట పండుకునేటోడు. మా అయ్య ఆఖరికి నెత్తురు కక్కిండు."

చిన్నప్పుడు తాతగారి ఒళ్లో, ఆ మేనాలో నేను ప్రయాణం చేశాను. తెర బయట ముందు నుంచి ఒక గొంతు 'జరుగుండ్రీ, దొర వస్తాండూ' అని పాటలాగా వినిపించేది. ఆ గొంతు వింటూ నిద్రపోవడం నాకు ఇష్టంగా ఉండేది.

"ఆ కేక మీ అయ్యదేనా?" అని అడిగాను.

"ఇంకెవలిది?" ఉత్తరం మడిచి నా ఒళ్లో పెట్టాడు. "ఇప్పుడు ఉరకాల్నంటే నేనే మిగిలిన. గని ఈ సూటు మీద ఉరికితె ఫొటో మంచిగ రాదు దొరా. గోచి పెట్టుమంటరు."

మా ముందు బెంచీ మీది నల్ల ఆడమనిషి వెనక్కి తిరిగి చూసింది. మా భాష ఆమెకు తెలియదు, కాని నా మొహం చూసి మళ్లీ ముందుకు తిరిగింది.

"రానని రాస్తాను" అన్నాను.

"మీరు రాకుంటె మేనా ఏడికి పోతది? మీ చిన్నాయన ఇంకొకన్ని ఎక్కిస్తడు. ఉరికేటోడు మాత్రం మా వాడకెల్లే వస్తడు." పని మాట మాట్లాడుతున్నట్టు అన్నాడు. "దవాఖానకు ఇయ్యుండ్రి. వర్ధన్నపేట దిక్కుకెల్లి కాన్పు కష్టమైన ఆడోళ్లను మంచాల మీద ఏస్కొస్తరు. వానకు తడుస్తరు. మేనాకు కప్పుంది."

"మా తాతగారి మేనాలోనా?" ఆ మాట నా నోటి నుంచి దానంతటదే వచ్చింది.

"ఆ. మీ తాత మేనాలనే."

నా ఒళ్లోని ఉత్తరం తీసి జేబులో పెట్టుకున్నాను.

చెరోకీ చూడదలచిన పాఠకులకు నా దగ్గరున్న సమాచారం ఇది. జూన్ నుంచి ఆగస్టు దాకా వెళ్లవచ్చు. రానుపోను ఖర్చు, బసతో కలిపి, పది డాలర్లు దాటదు. కంబళ్లు కొనకండి. ఏటి వెదురుతో అక్కడి ఆడవాళ్లు ఇంట్లో అల్లే బుట్టలు మాత్రం నిజమైనవి, నేను అల్లిక చూసి చెబుతున్నాను. కొండలంత అందమైనవి నేనింతవరకు చూడలేదు. ఊరు మాత్రం నన్ను దిగ్భ్రమపరిచింది. దాని వల్ల నా గురించి నాకు తెలిసినది అంతకంటే ఎక్కువ దిగ్భ్రమపరిచింది.

ఆష్‌విల్ దాటాక కాగితాలు తీసి రెండు ఉత్తరాలు రాశాను. లాడ్జి ఆయనకు రెండు వాక్యాలు: నేను రాను, మేనా అద్దెకు లేదు. రెండోది చిన్నాన్నకు.

"ఏం రాస్తాండ్రు దొరా?" అన్నాడు దావీదు.

కాగితం అతని వైపు తిప్పాను. తాతగారి మేనాను మిషన్ దవాఖానకు పంపండి, ఎవరు ఎక్కుతారని అడగకండి అని అందులో ఉంది. అతను చదివి, తలూపి, కిటికీ వైపు తిరిగాడు.

చిన్నాన్న నా చేతిరాత గుర్తుపట్టడేమో. అక్షరాలు అంతగా వంకర పోయాయి. బస్సు కుదుపు వల్ల అని చివర రాద్దామనుకుని మానుకున్నాను. ఆష్‌విల్ దాటాక రోడ్డు చాలా నున్నగా ఉంటుంది.