లేని పంటికి పుచ్చు

గున్సాన్ రేవు పక్కనున్న ఆడపిల్లల హైస్కూల్లో లెక్కలు చెప్పే తక్ మ్యోంగ్‌హీకి కోపం వస్తే గొంతు తగ్గుతుంది. ఏమంటోందో తెలియాలంటే ఎదుటివాళ్ళు ముందుకు వంగాలి. వసంతకాలపు పరీక్షలయ్యాక ఆ వారమంతా టీచర్ల గదిలో అందరూ వంగే ఉన్నారు.

గొడవకు మూలం ఒక చిన్న ప్రశ్న. 1/x అనే ప్రమేయం అవిచ్ఛిన్నమా, కాదా, ఎందుకు? పాఠ్యపుస్తకం ప్రకారం కాదు. సున్నా దగ్గర దానికి విలువ లేదు కనుక అక్కడ తెగిపోయిందని రాయాలి. తరగతంతా అదే రాసింది. బాన్ దోగ్యోంగ్ అనే పిల్ల ఒక్కతే వేరేగా రాసింది: ‘సున్నా ఈ ప్రమేయం ప్రదేశంలోనే లేదు. లేనిచోట తెగిందా లేదా అన్న ప్రశ్నే రాదు. ఉన్న ప్రతిచోటా అవిచ్ఛిన్నమే. కనుక ఇది అవిచ్ఛిన్న ప్రమేయం.’

ఆ జవాబుకు పేపర్లు దిద్దిన ఇంకో లెక్కల టీచరు, ఓక్ మాస్టారు, సున్నా వేశాడు. ఆ మార్కులు పోతే దోగ్యోంగ్ మొదటి శ్రేణి నుంచి జారిపోతుంది. జారిన పిల్ల పేరు యూనివర్సిటీకి స్కూలు పంపే సిఫారసులో ఉండదు.

ప్రశ్న తయారుచేసే రోజే మ్యోంగ్‌హీ వద్దంది. ఓక్ మాస్టారు ఆమెకన్నా పెద్ద, ఆమె చదివిన కాలేజీలోనే ముందు చదివినవాడు. పుస్తకంలో ఉన్నదే కదమ్మా అన్నాడు. అక్కడ వయసు మాట్లాడాక వాదన ముగుస్తుంది.

మ్యోంగ్‌హీ చేపల బజారులో తల్లి పక్కన కూర్చుని పెరిగింది. అక్కడ పెద్ద గొంతుదే తూకం. కాలేజీలో విశ్లేషణ గణితం మొదలుపెట్టాకే ఆమెకు ఇంకో రకం పోట్లాట తెలిసింది. సంఖ్యల అనుక్రమం ఒక అవధికి, అంటే ఒక హద్దు విలువకి, చేరుతుందంటే అర్థం ఏమిటి? ఎంత దగ్గరికి రావాలో నువ్వు చెప్పు, ఏ పదం నుంచి అన్నీ ఆ దగ్గరలోనే ఉంటాయో నేను చూపిస్తాను. నువ్వు ఇంకా దగ్గర అంటావు, నేను ఇంకా ముందుకెళ్ళి చూపిస్తాను. ప్రతిసారీ చూపించగలిగితే గెలుపు నాది. అడిగేవాడి వయసెంతో, వాడి తండ్రెవరో ఆ ఆటలో లెక్కకు రావు. ఆమెకు ఆ శాస్త్రం మీద ప్రేమ పుట్టింది అందుకే. హైస్కూలు పుస్తకంలో ఆ ఆట ఊసే లేదు. ‘అంతులేకుండా దగ్గరవుతుంది’ అని ఒక్క ముక్క రాసి వదిలేశారు. అది చదివినప్పుడల్లా ఆమెకు పళ్ళు నూరుకోవాలనిపిస్తుంది.

మార్కుల పట్టిక బయటికి వెళ్ళాలంటే ఇద్దరు లెక్కల టీచర్లూ సంతకం పెట్టాలి. మ్యోంగ్‌హీ పెట్టలేదు.

వైస్ ప్రిన్సిపాల్ గుక్ కాగితపు కప్పులో తియ్యటి కాఫీ కలిపి స్వయంగా తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు. దోగ్యోంగ్‌ని పైకి లేపితే ఇంకో పిల్ల కిందికి జారుతుందనీ, ఆ పిల్ల తల్లి ఊరుకునే మనిషి కాదనీ, తనకు రిటైర్మెంట్ దగ్గరపడిందనీ చెప్పుకొచ్చాడు. ఆమె కాఫీ ముట్టకుండా లేచి ఓక్ మాస్టారి బల్ల దగ్గరికి వెళ్ళింది.

"మాస్టారూ, కాలేజీలో మీకు ఇదే ప్రశ్న ఇస్తే ఏం రాసేవారు?"

"అవిచ్ఛిన్నమనే రాసేవాణ్ణి. అది కాలేజీ."

"ఇక్కడికొచ్చేసరికి తెగిందా?"

"తక్ టీచరమ్మా, పిల్లలకి పుస్తకమే ప్రమాణం. పరీక్ష పెట్టేది మనం, పుస్తకం రాసేది మనం కాదు."

"లేని పంటికి పుచ్చు పట్టిందని పుస్తకంలో ఉంటే, బోసినోట్లో కూడా సిమెంటు పూస్తారా?"

పక్క బల్ల దగ్గర ఎవరో నవ్వు ఆపుకున్నారు. ఓక్ మాస్టారి చెవులు ఎర్రబడ్డాయి. ఈ వయసులో నీచేత పాఠం చెప్పించుకోవాలా అని మాత్రం అన్నాడు.

పట్టిక ఆగింది. ఎందుకాగిందో పిల్లలకు తెలిసిపోయింది. మరుసటి రోజు మధ్యాహ్నం దోగ్యోంగ్ మెట్ల దగ్గర ఆమెను ఆపింది.

"టీచర్, నా సున్నా నాకుండనివ్వండి."

"తప్పు రాశావా?"

"లేదు. కానీ భోజనాల దగ్గర నా పక్కన ఎవరూ కూర్చోవట్లేదు. నా మూలంగానే మార్కులు రాలేదంటున్నారు."

మ్యోంగ్‌హీకి ఒళ్ళు మండింది. పెద్దవాళ్ళిద్దరు చెప్పాల్సిన ఒక్క మాటకు పదిహేడేళ్ళ పిల్ల ఒంటరిగా కూర్చుని తింటోంది. ఈ పిల్ల కోసమైనా సంతకం పెట్టేద్దామా అని ఒక్క క్షణం అనుకుంది. అనుకున్నందుకు తన మీదే ఇంకా మండింది. ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర టీచర్ల వరుస వదిలేసి, పళ్ళెం తెచ్చుకుని దోగ్యోంగ్ ఎదురుగా కూర్చుంది. ఇద్దరూ ఊరిన ముల్లంగి ముక్కలు కరకర నమిలారు.

పట్టిక పంపాల్సిన గడువు రోజు సాయంత్రం ఓక్ మాస్టారు లొంగాడు. జిల్లా విద్యాశాఖ ఆఫీసు నుంచి రెండుసార్లు ఫోన్ వచ్చాక వైస్ ప్రిన్సిపాల్ ఆయన్ని బతిమాలాడు. తెల్లారేసరికి టీచర్ల గది తలుపు మీద నోటీసు ఉంది: విద్యార్థుల సంక్షేమం దృష్ట్యా రెండు జవాబులనూ అంగీకరించడమైనది.

దోగ్యోంగ్‌కి మార్కులొచ్చాయి, శ్రేణి నిలిచింది. నోటీసు చదివిన మ్యోంగ్‌హీ గొంతు మాత్రం మునుపటికన్నా తగ్గిపోయింది. వీళ్ళు గడువుకు భయపడ్డారు గానీ లెక్కను ఒప్పుకోలేదు. ఏది నిజమో నోటీసులో ఎందుకు రాయలేదని వైస్ ప్రిన్సిపాల్‌ని అడిగింది. పిల్లకు మార్కు వచ్చింది కదా, ఇంకేం కావాలి మీకు అన్నాడాయన, నిజంగానే అర్థం కాక.

ఆమె తరగతికెళ్ళి పుస్తకంలో ఆ పేజీ తీయించింది. సున్నా దగ్గర తెగిందన్న వాక్యాన్ని పెన్నుతో కొట్టేయమంది. కొందరు కొట్టేశారు. కొందరు పెన్ను పట్టుకుని పక్కవాళ్ళ వంక చూశారు. దోగ్యోంగ్ చెయ్యెత్తింది.

"మళ్ళీ పరీక్షలో ఇదే వస్తే ఏం రాయాలి టీచర్?"

"మొన్న రాసిందే రాయి. సున్నా వేస్తే నా దగ్గరికి రా."

తర్వాతి పరీక్షకు ప్రశ్నలు ఓక్ మాస్టారు ఒక్కరే తయారుచేయాలని వైస్ ప్రిన్సిపాల్ నిర్ణయించాడు. అందులో అవిచ్ఛిన్నత మీద ఒక్క ప్రశ్న కూడా లేదు.