కుంకుమా, సింధూరమా

ఈ ఉదయం ఏడూ ఇరవైకి టైల్స్ మేస్త్రి మా స్నానాలగదిలో పని మొదలుపెట్టాడు. పెన్సిల్ కనబడక, తెల్ల టైలును బోర్లించి, దాని గరుకు వీపు మీద ఇటుక ముక్కతో కోత గుర్తు గీశాడు. ఆ గీరిన చప్పుడు పక్కగదిలో ఉన్న నాకు వినిపించింది. కాఫీ గ్లాసు అక్కడే పెట్టి వెళ్లి చూశాను. తెల్లటి పింగాణీ మీద ఎర్రటి గీత. "ఏటి బాబూ, తప్పు గీసేనేటి?" అన్నాడు మేస్త్రి. తప్పేమీ లేదన్నాను. ఒకప్పుడు ఎస్తేరు మేడమ్ గారి బల్ల దగ్గర ఆ చప్పుడు రోజంతా వినిపిస్తూ ఉండేది.

డెబ్బైల చివర్లో, ఎలమంచిలి దగ్గరి మా పల్లె నుంచి వచ్చి, విశాఖ హార్బరు పక్కన ఒక ఖనిజ పరీక్షశాలలో చేరాను. ఓడలకెక్కే ఇనుప రాయి, మాంగనీసు రాయి నమూనాలు ముందుగా అక్కడికి వచ్చేవి. ఆ వీధిలో ఆరేసిన తెల్లచొక్కా సాయంత్రానికి ఎర్రబడేది. పరీక్షశాలకు పెద్ద ఎస్తేరు మేడమ్ గారు. నూలు చీర, మగవాళ్లు పెట్టుకునేంత పెద్ద వాచీ, బోసి నుదురు. ఆదివారం చర్చిలో ఆమె పాడితే బయట రోడ్డు మీదికి వినిపిస్తుందని చెప్పేవారు. పరీక్షశాలలో మాత్రం ఆమె గొంతు పెంచడం నేను ఎప్పుడూ వినలేదు.

చేరిన రోజు ఆమె నా ముందు రెండు నల్లరాళ్లు పెట్టి, ఇనుము ఏదో చెప్పమన్నారు. నిగనిగలాడుతున్నదాన్ని చూపించాను. ఆమె గరుకు పింగాణీ పలక తీసుకుని, రెండింటినీ దాని మీద గీరారు. నేను చూపించిన రాయి నల్లగా గీసింది, అది మాంగనీసు. రెండోది ఎండిన నెత్తురు రంగులో గీసింది. ఇనుము అది.

"పైరంగు చూసి పేరు పెట్టకు అప్పారావ్. నలిగితే ఏ రంగు వస్తుందో అది చూడు. మీ ఊళ్లో కంసాలి బంగారాన్ని రాతి మీద రుద్ది చూస్తాడు కదా, ఆ గీతని ఏమంటాడు?"

"గీటు అంటాడండి."

"అయితే మనమూ గీటే అందాం."

పుస్తకాల్లో దానికి స్ట్రీక్ అని పేరు. మా పరీక్షశాలలో ఆ రోజు నుంచి గీటు అయింది. చదువుకున్నవాళ్లు పనిచేసే చోట మా ఊరి మాటకు కుర్చీ వేసిన మనిషిని నేను మొదటిసారి చూశాను.

ఆమె గదిలో ఒక బీరువాకు నల్లగుడ్డ తెర ఉండేది. పని తక్కువగా ఉన్న ఒక మధ్యాహ్నం కిటికీలు మూయించి, అందులోంచి చిన్న డబ్బా తీశారు. పత్తి మీద బియ్యపుగింజంత స్ఫటికం ఉంది, బిళ్లలా పలచగా. మామూలుగా చూస్తే గోధుమరంగు పెంకు. ఆమె టార్చిలైటు దాని వెనక పెట్టి వెలిగించారు. పెంకు లోపల నిప్పు అంటుకున్నట్టయింది. అంచుల్లో పసుపు, మధ్యలో ఎరుపు. అంతలోనే టార్చి ఆర్పేశారు.

"ఇంకొక్కసారి మేడమ్," అన్నాను.

"వద్దు. ఇందులో వెండి ఉంది. ఈ జాతి రాళ్లు వెలుతురు తగిలేకొద్దీ నల్లబడతాయి. మనం చూసిన ప్రతిసారీ దీనికి కొంచెం ఖర్చు."

ఆ చీకటిగదిలోనే నాకు పాఠం చెప్పారు. లోహం గంధకంతో మాత్రమే కలిస్తే సల్ఫైడు. సీసం రాయి అలాంటిది. వాటి మధ్యకు ఆర్సెనిక్ గానీ ఆంటిమొనీ గానీ బిస్మత్ గానీ వచ్చి చేరి, గంధకాన్ని తన చుట్టూ పట్టుకుంటే, ఆ కుటుంబం వేరు. దాని పేరు సల్ఫోసాల్ట్. ఈ డబ్బాలో రాయి ఆ కుటుంబానిదే. కానీ ఆ కుటుంబంలో దీనికి సరిపోయేవాళ్లు ఇద్దరున్నారు. ఒకటి ప్రూస్టైట్, రెండోది జాంథోకొనైట్. రెండింటిలోనూ వెండి మూడు పాళ్లు, ఆర్సెనిక్ ఒకటి, గంధకం మూడు. కరిగించి తూచినా తేడా దొరకదు. లోపల అమరిక వేరు, అంతే. మొదటిది అప్పుడప్పుడు దొరుకుతుంది. రెండోది చాలా అరుదు.

"అవే ఇటుకలు, అదే సున్నం. ఒకచోట చర్చి కట్టారు, ఇంకోచోట క్వార్టర్సు కట్టారు. కూల్చి ఇటుకలు లెక్కపెడితే ఏది చర్చో ఎలా తెలుస్తుంది?" అన్నారు.

ఆ రాయిని ఒక విదేశీ ఓడ అధికారి ఆమెకు ఇచ్చి వెళ్లాడట, చీటీ మీద ప్రూస్టైట్ అని రాసి. ఆమె ఆ పేరు పక్కన పెన్సిలుతో ప్రశ్నార్థకం పెట్టారు. ప్రూస్టైట్ ఇలా బిళ్లలా పెరగడం ఆమె ఎక్కడా చూడలేదు. తేల్చాలంటే గీటు తీయాలి. ప్రూస్టైట్ ఎర్రగా గీస్తుంది, జాంథోకొనైట్ నారింజ పసుపుగా గీస్తుంది. ఆ చిన్న గింజ గోటికి కూడా అరిగేంత మెత్తన. అందుకని ఏళ్ల తరబడి ఆమె ఆ పని చేయలేదు.

ఎనభైల మధ్యలో, ఆమె రిటైరయ్యే సంవత్సరం, ఒక ఇనుప రాయి గీటు చూసి పసుపు అన్నారు. నేను ఎర్రగా ఉందన్నాను. ఆమె పలకను కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చాలాసేపు చూసి, తిరిగి వచ్చి కూర్చున్నారు.

"శుక్లాలు. తెల్లకాగితం కూడా పసుపుగానే కనిపిస్తోంది. నీకు చెప్పలేదు," అన్నారు.

ఆపరేషన్‌కు రోజు నిర్ణయమైంది. చూపు ఎంత తిరిగి వస్తుందో డాక్టరు కూడా చెప్పలేదు. ఆమె బెంగ మాత్రం ఆ డబ్బా మీద ఉంది. అనుమానంతో వదిలి వెళ్లడం ఆమెకు ఇష్టం లేదు. తప్పు పేరుతో వదలడం అంతకంటే ఇష్టం లేదు. మర్నాడు వచ్చేటప్పుడు ఇంటి నుంచి కొంచెం కుంకుమ, ఆంజనేయుడి గుడి నుంచి కొంచెం సింధూరం తెమ్మన్నారు.

"మీకెందుకు మేడమ్ అవి?"

"నేను రెండూ పెట్టుకోను కదా. నాకు పక్షపాతం ఉండదు," అని నవ్వారు.

మర్నాడు పలక మీద ఒక చివర ఎర్రటి కుంకుమ, ఒక చివర నారింజరంగు సింధూరం అద్దాను. మధ్యలో ఆమె స్ఫటికం అంచును ఒక్కసారి, చీమ నడిచినంత మేర లాగారు. వెంటనే డబ్బా మూసి కిటికీ తెరిపించారు.

"చెప్పు."

"సింధూరం మేడమ్. జాంథోకొనైటే!"

ఆమె ముఖం వెలగలేదు. "నాకేం కావాలో నీకు తెలుసు. అందుకని నీ కన్ను అక్కడికే పోతుంది. నువ్వు సాక్షివి కావు. ఏమీ తెలియని మనిషిని పిలు."

వసారాలో స్టోర్సు ఆఫీసరు సన్యాసిరావు గారు ఎవరితోనో గట్టిగా మాట్లాడుతున్నారు. పిలుచుకొచ్చాను. ఆయన పలక చూసి నిలబడిపోయారు.

"ఏటి మేడమ్, కుంకుమేటి, సిందూరమేటి! మతం మారతన్నారేటి? మీ పాస్టరు గారికి సెప్పీమంటారా?"

"తరవాత చెబుదురు గాని, ఆ మధ్య గీత చూడండి. రెండు రంగుల్లో దేనికి దగ్గర?"

ఆయన కళ్లజోడు పైకెత్తి వంగారు. ఆమె రెండు చేతులూ బల్ల అంచును పట్టుకుని ఉన్నాయి.

"దీనికింత ఆలోసనేటి? సిందూరమే."

"మళ్లీ చూడండి."

"ఎన్నిసార్లు సూసినా కుంకుమ అవదు కదమ్మా! నాను పుట్టిన కాణ్నుంచి సూస్తన్నాను ఆంజనేయుణ్ని. ఏటి, ఇది బంగారమేటి?"

"కాదు సన్యాసిరావు గారూ. అంతకంటే తక్కువ దొరుకుతుంది."

ఆయన వెళ్లాక ఆమె డబ్బాలోని చీటీ నా వైపు జరిపారు. అంతకుముందు ఆమె తన చీటీల మీద ఇంకొకరిని రాయనివ్వలేదు. "పాత పేరు కొట్టేసి కొత్తది రాయి. గీటు చూసిన వాళ్లుగా మీ ఇద్దరి పేర్లూ కింద పెట్టు. నా పేరు వద్దు. నేను చూడలేదు."

ఆపరేషన్ బాగానే జరిగింది. కొన్ని నెలల తరవాత, సీసా అడుగుల్లాంటి అద్దాలతో, రిక్షా దిగి ఆమె పరీక్షశాలకు వచ్చారు. గోడలు ఇంత తెల్లగా ఉండేవా అని ఆశ్చర్యపోయారు. బీరువా తాళాలు అప్పటికి నా దగ్గర ఉన్నాయి. ఆమె అడగకముందే కిటికీలు మూయబోయాను.

"ఎందుకు మూస్తున్నావు?"

"మీరు ఇప్పుడు చూడొచ్చు కదా మేడమ్. మీ కళ్లతో."

ఆమె నల్లతెర వైపు చూశారు. అడుగు ముందుకు వేయలేదు.

"మీరిద్దరూ చూశారు కదా. చాలు. దాన్ని ఉండనీ," అన్నారు. టీ తాగి వెళ్లిపోయారు. మళ్లీ ఎప్పుడూ ఆ డబ్బా మాట ఎత్తలేదు. ఆమె పోయి చాలాకాలమైంది. ఒక మనిషి తాను అంతగా కోరుకున్నదాన్ని, చేతికందే దూరంలో ఉండగా, చూడకుండా వెళ్లడం నేను మళ్లీ ఎక్కడా చూడలేదు.

తరవాత నేను ఉక్కునగరం వైపు వేరే ఉద్యోగానికి వెళ్లాను. పరీక్ష ఫలితం ఫలానాలా రావాలని నాకు లోపల ఆశ పుడితే, పక్కగదిలోంచి ఎవరినో ఒకరిని పిలిచి చూడమనేవాణ్ని. "అప్పారావు బావ సాచ్చికం లేందే సంతకం పెట్టడు," అని తోటివాళ్లు ఏడిపించేవారు. ఈ ఉదయం కూడా మేస్త్రిని అడిగాను, ఆ గీత ఏ రంగని. "ఇటక రంగు బాబూ, ఇంకేటి?" అన్నాడు.

ఇప్పుడు రాయిలో ఏముందో, లోపల ఎలా అమరి ఉందో యంత్రం చెబుతుంది, సరిగ్గానే చెబుతుంది. గీటు తీసి, పక్కగదిలో మనిషిని పిలిచి, ఇది ఏ రంగని ఎవరూ అడగడం లేదు.