తొట్టి కాదు, పడవ: హిందూపురం నుంచి ధర్మవరం చెరువు దాకా

హిందూపురంలో తెరచాప పడవ ఉందంటే ఎవరూ నమ్మరు. నమ్మకపోతే పోనీ, నవ్వకుండా ఉంటే చాలు. కాకినాడలో కాలేజీ రోజుల్లో ఎన్‌సీసీ నేవీ విభాగంలో పడవ నడపడం నేర్చుకున్నదాన్ని, పెళ్లయి వానే పడని ఈ సీమకు వచ్చిపడ్డాను. బెంగళూరులో ఒక క్లబ్బు పాత సామాను అమ్ముతుంటే, ఇద్దరు పట్టే చిన్న పడవ నా జీతం పెట్టి కొన్నాను. ఆరేళ్లు అది షెడ్డులోనే ఉంది. నీళ్లుంటే కదా! తొంభైల చివర ఒక కార్తీకంలో ధర్మవరం చెరువు నిండింది. సరిగ్గా అప్పుడే నాకు కర్నూలుకు బదిలీ. సోమవారం అక్కడ చేరాలి, అద్దె షెడ్డు ఖాళీ చేయాలి. మిగిలింది ఒక్క ఆదివారం. ఆ రోజు నీళ్లలో పడకపోతే ఆ పడవ ఇక ఎప్పటికీ పడదు.

పాత పడవను నీళ్లలోకి దించాలనుకునేవాళ్లు కనీసం నెల ముందు మొదలుపెట్టండి. స్క్రూడ్రైవర్‌తో చెక్కంతా పొడిచి చూడాలి. మెత్తగా దిగిన చోటల్లా పుచ్చినట్టే. మా వడ్రంగి మస్తానన్న పుచ్చిన చెక్క తీసి కొత్తది వేశాడు. పాత రంగు గీకింది నేనే, అరచేతులు బొబ్బలెక్కేలా. అతుకుల మీద ఫైబర్ గుడ్డ, రెజిన్ పూశాం. తాళ్లన్నీ కొత్తవి కట్టాను. తెరచాపకు ఎలుకలు కొట్టిన చిల్లులు టైలర్ దగ్గర కుట్టించాను. చివరి రెండు రోజులు ఆఫీసులో చార్జి అప్పగిస్తూ షెడ్డు వైపు పోలేకపోయాను. అడుగు భాగానికి రంగు మస్తానన్నే వేశాడు.

ఆదివారం ఆరింటికల్లా మినీ లారీలో బయలుదేరాం. పోను రాను పన్నెండు వందలు మాట్లాడుకున్నాను. డ్రైవర్ ఓబులేసు, నేను, మస్తానన్న. తన పని నీళ్ల మీద చూడాలని మస్తానన్న ముచ్చటపడి వచ్చాడు. పెనుకొండలో హైవే పక్కన ఒక హోటల్ దగ్గర టిఫిన్‌కు ఆగాం. ఉగ్గాని, వేడివేడి బజ్జీ. ఆ హోటల్ ఎదురుగా మీరూ ఆగండి, తప్పులేదు. తినేలోపే లారీ చుట్టూ జనం చేరారు.

"ఏమక్కా, ఇది యాడికి పోతాండాది?" అన్నాడొకాయన.

"ధర్మవరం చెరువుకు," అని గర్వంగా చెప్పి, తాళ్లు బిగించడానికి లారీ ఎక్కాను. పడవ మధ్యలో పెట్టెలాంటి గూడు ఒకటుంటుంది. దాని అడుగున పొడుగాటి సందు. అందులోంచి ఒక పలకను నీళ్లలోకి దించుతాం. ఆ పలక లేకపోతే గాలి పడవను పక్కకు నెట్టేస్తుంది, పోయినదారిన తిరిగి రాలేం. గూట్లోకి వంగి చూస్తే కింద వెలుతురే లేదు. చీకటి. సందు మూసేసి ఉంది, టేకు చెక్క దిగ్గొట్టి, రెజిన్ పోసి!

"మస్తానన్నా! దీన్ని ఎవడు మూయమన్నాడు?"

"మీ సారే చెప్పినాడక్కా," అన్నాడు చేయి తుడుచుకుంటూ. "గట్టిగా మూసేయ్, చుక్క కారకూడదు అన్నాడు. పడవకూ మంచిదే, తొట్టికీ మంచిదే అని మూసేస్తి."

"ఏం తొట్టి?"

"రొద్దంలో మీ మరిదిగారి ఎనుములకు తొట్టి చేస్తారంట కదా. నీకు తెలీదా?"

నా పడవ గేదెలు నీళ్లు తాగే తొట్టా! అరికాలి మంట నెత్తికెక్కింది. పక్కనే ఎస్టీడీ బూత్ ఉంటే పరుగున వెళ్లి మా ఆయనకు ఫోన్ చేశాను.

"నువ్వు పోతే అది ఈడ ఊరికే పడుండేదే కదా," అన్నాడు నింపాదిగా. "తమ్ముడు తొట్టి కావాల అన్నాడు. ఈ దినం నీళ్లలో వేసుకో, రేపు వాడు తీసుకపోతాడు. దానికింత అరుపులెందుకు?"

"నన్నొక మాట అడగాలని తోచలేదా?"

"అడిగితే ఒప్పుకుంటావా నువ్వు?"

ఒప్పుకోనని తెలుసు కాబట్టే అడగలేదన్నమాట! ఎంత చక్కటి కాపురం! ఫోన్ పెట్టేసి వచ్చి మస్తానన్న సంచిలోంచి ఉలి, సుత్తి లాక్కున్నాను.

"బొక్క చేసుకొని ఎవరన్నా పడవెక్కుతారా? మునిగితే నా పేరు పోతాది," అని మస్తానన్న అడ్డం పడ్డాడు. పెనుకొండ మొత్తం అతని పక్షమే. నేను వినలేదు. నాలుగు దెబ్బలు కొట్టేసరికి వేలు చితికింది.

"చెయ్యి పోగొట్టుకుంటావు, ఇట్లియ్యి," అని చివరికి ఉలి అతనే తీసుకున్నాడు. టిఫిన్ తింటున్నవాళ్లు పడవను దించి బోర్లించారు. ఆ చెక్క ఊడగొట్టి సందు తెరిచేసరికి గంటకు పైగా పట్టింది.

ధర్మవరం చేరేసరికి పదకొండు దాటింది. కట్ట మీద నుంచి దించాలని చూడకండి, నిట్టనిలువు రాళ్లు. పక్కగా, చేపలు పట్టేవాళ్లు పుట్లు, అంటే గుండ్రటి బుట్ట పడవలు, దించే చోట లారీ నీళ్ల దాకా పోతుంది. పడవ తేలగానే గూట్లోకి నీళ్లు బుసబుసా ఎక్కాయి.

"నీళ్లు వస్తాండాయి! దిగక్కా, దిగు!" అని మస్తానన్న మోకాలి లోతుకు వచ్చి అరుస్తున్నాడు.

గూట్లో నీళ్లు చెరువు మట్టానికి వచ్చి ఆగిపోయాయి, పడవలోకి చుక్క రాలేదు. పలక దించాను, తెరచాప బిగించాను. గాలికి ఏటవాలుగా, అటూ ఇటూ తిప్పుకుంటూ, గాలి వచ్చే వైపుకే పోయాను. చెరువు నడిమధ్యలో మా ఆయన్ను పేరు పెట్టి పిలిచి మరీ, నోటికొచ్చినట్టు తిట్టాను. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. వెనక్కి వచ్చాక మస్తానన్న గూట్లోకి తొంగి చూసి, "నీళ్లయితే వచ్చినాయి కదా, నేను చెప్పింది అదే," అన్నాడు.

పడవను పుట్లవాళ్ల గుడిసె పక్కన బోర్లించి, వాడుకోమని వాళ్లకే చెప్పి వచ్చేశాను. రాత్రి భోజనాల దగ్గర మా ఆయన, "తొట్టి తెచ్చినారా?" అన్నాడు. "దాని అడుగున బొక్క ఉంది, నీళ్లు నిలవవు," అన్నాను. ఇన్నేళ్లయినా నాకు ఆ కోపం తగ్గలేదు, తగ్గించుకోవాలనీ లేదు. నా వస్తువు ఏమవ్వాలో నేను బతికుండగానే, ఉగ్గాని తినే వడ్రంగికి కూడా తెలిసి నాకు తెలియకపోవడం చిన్న సంగతి కాదు. పాత పడవ తీసుకుని బయలుదేరేవాళ్లకు ఒక్కటే సలహా: లారీ ఎక్కించే ముందు ఆ సందులోంచి వెలుతురు కనిపిస్తోందో లేదో చూసుకోండి. కనిపించకపోతే, మీ ఇంటివాళ్లలో ఎనుములు ఎవరికున్నాయో కనుక్కోండి.