స్టవ్ దానంతటదే పేలిందన్నాం

మేము కశ్మీర్ సరిహద్దు పోస్టుకు చేరిన మధ్యాహ్నం ఎండ కాస్తోంది, కానీ ఆ ఎత్తులో ఊపిరి అందలేదు. కింది క్యాంపు నుంచి తెల్లవారుజామున బయలుదేరాం. వీపున సామాను, భుజాన రైఫిల్, నడుములకు తాడు. పైన రాళ్లు పేర్చి, రేకులు కప్పి, ఇసుక బస్తాలు వేసిన బంకరు. ఎదుటి కొండ మీద అవతలి వాళ్ల పోస్టు. ఆర్డరు ఒక్కటే: చూస్తూ ఉండండి, చూసింది వైర్‌లెస్‌లో చెప్పండి.

నాది స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర పల్లె. అరవై తొమ్మిది తెలంగాణ గొడవల్లో కాలేజీ మూతపడితే ఖాళీగా తిరగలేక పట్టాళంలో చేరాను. ఇది జరిగింది ఆ తర్వాత కొన్నేళ్లకు.

పోస్టులో తెలుగువాళ్లం ముగ్గురం. గన్నర్‌ది, అంటే మెషిన్‌గన్ మీద ఉండే కుర్రాడిది, మహబూబాబాద్ దగ్గర తండా. ఇంట్లో లంబాడీ భాష, నాతో మా తెలంగాణ మాట. నన్ను అన్నా అనేవాడు. వైర్‌లెస్ ఆపరేటర్ కోస్తావాడు. పనిలో గట్టివాడే. నా మాటను వెక్కిరించడం అతనికి కాలక్షేపం.

"ఏందిర బై, గిట్లొచ్చినవ్?" అని రాగం తీసేవాడు.

"పోనీయన్నా. ఈడ ఆయనకు ఇంకెట్ల పొద్దుపోతది?" అని గన్నర్ నవ్వేసేవాడు. నేను నవ్వేవాణ్ణి కాదు. కోపం లోపల దాచుకునేవాణ్ణి.

ఫిబ్రవరిలో మంచు తుఫాను పట్టుకుంది. సెంట్రీ డ్యూటీకి, మంచు తవ్వడానికి తప్ప బయటికి కదల్లేదు. బంకరులో పంపు కొట్టే కిరోసిన్ స్టవ్ ఆరేది కాదు. మంచు కరిగించి నీళ్లు చేసుకోవడం, చాయ్ కాచుకోవడం అన్నీ దాని మీదే. అందరి ముఖాలకూ మసి.

తుఫాను తెరిపిచ్చిన పొద్దున కింది క్యాంపు నుంచి కబురొచ్చింది. గన్నర్‌కు ఆడపిల్ల పుట్టింది. సెలవు మంజూరైంది. వాడు నన్ను గట్టిగా పట్టుకున్నాడు.

"అన్నా, బిడ్డ పుట్టిందంట! జర కూసో, చాయ్ నేనే పెడ్త."

కింద ఉన్న ఆపరేటరూ తెలుగువాడే. నేను మైకు తీసుకుని చెప్పాను: "మావోడు మస్తు ఖుష్ అయిండు. రేపే దిగుతడట."

మా ఆపరేటర్ మైకు లాక్కుని నా మాటనే ముక్కుతో సాగదీసి మళ్లీ చెప్పాడు. కింద నవ్వులు. రేడియో గరగరల్లోంచి "ఇంకోసారి చెప్పించు గురూ" అని వినిపించింది.

నా కాలు లేచింది. వెలుగుతున్న స్టవ్‌ను ఆపరేటర్ వైపు తన్నాను. "అన్నా, వద్దు!" అంటూ గన్నర్ మా మధ్యకు వంగాడు. స్టవ్ వాడి ఛాతీకి తగిలి మూత ఊడింది. మండుతున్న కిరోసిన్ వాడి ముఖం మీద చిమ్మింది.

దుప్పట్లు కప్పి మంట ఆర్పాం. మబ్బు మళ్లీ కమ్మి హెలికాప్టర్ రాలేదు. స్ట్రెచర్ మీద మోసుకుంటూ దిగాం. ముందు వైపు నేను పట్టాను.

"అన్నా, కండ్లు తెర్వొస్తలేవు," అంటూనే ఉన్నాడు కట్ల కింద నుంచి.

"దవాఖానల చూస్తరు తమ్మీ," అన్నాను.

విచారణ జరిగింది. ఆ సమయంలో బంకరులో ఉన్నది మేం ముగ్గురమే. స్టవ్ దానంతటదే పేలిందని గన్నర్ ఆసుపత్రి మంచం మీద నుంచే చెప్పాడు. ఆపరేటర్ నా వంక చూడకుండా అదే చెప్పాడు. తర్వాత నన్ను అడిగారు.

"స్టవ్ పేలింది సార్," అన్నాను.

తన్నేటప్పుడు నేనేమీ ఆలోచించలేదు, నిజమే. ఈ మాట అనేముందు మాత్రం బాగా ఆలోచించాను. జైలు, ఉద్యోగం, ఊళ్లో పరువు, అన్నీ ఆలోచించాను.

వాడి రెండు కళ్లూ పోయాయి. ఇంటికి పంపేశారు. నేను పోస్టులో గడువు పూర్తి చేశాను. ప్రమోషన్ కూడా వచ్చింది.

ఏడాది తిరిగాక సెలవు మీద వచ్చి మహబూబాబాద్‌లో రైలు దిగాను. తండాకు నడిచాను. వాడు ఇంటి ముందు మంచం మీద కూర్చుని ఉన్నాడు. కాలిన చర్మం ముడుచుకుపోయింది. కనుబొమలు లేవు.

"ఎవలు?"

"నేనే తమ్మీ."

"అన్నా! వచ్చినవా?" అని లేచి, భార్యను కేకేశాడు. ఆమె బిడ్డను చంకనేసుకుని చెంబుతో నీళ్లు తెచ్చింది.

"మీరే మోస్కొచ్చి బతికిచ్చిన్రంట గద అన్నా," అంది. "మీ పేరు తీయని దినం లేదు."

ఇంట్లో కూడా చెప్పలేదు వాడు. చెంబెడు నీళ్లూ తాగాను. "తమ్మీ, ఆ దినం నేను..." అని మొదలుపెట్టాను.

"ఊకో అన్నా," అని భార్య ఉన్న వైపు తల తిప్పాడు. "గదంత అయిపోయింది."

బిడ్డను ఒళ్లోకి తీసుకున్నాడు. నుదురు, ముక్కు, చెంపలు వేళ్లతో మెల్లగా తడిమాడు.

"మా ఆమె, బిడ్డ అచ్చం నా లెక్కనే ఉన్నదంటది. నన్ను ఖుష్ చేస్తందుకు అంటదేమో. నువ్వు నన్ను అప్పుడు చూసినోనివి. నువ్వు చెప్పన్నా."

చూశాను. అవే కనుబొమలు. అవే చెంపలు.

"నీ లెక్కనే తమ్మీ," అన్నాను.

వాడు నవ్వాడు. బిడ్డ కూడా నవ్వింది. నేను కాల్చిన ముఖం, దాని పక్కనే బిడ్డలో, కాలకముందు అది ఎలా ఉండేదో ఆ ముఖం. ఈనాటికీ నాకు కనబడేది అదే.