రెండువందల పదిమంది సభ్యులున్న మా తోట

ఇంగ్లీషు మేష్టరుగా ఉండి, ఒకే ఒక్క ఇంగ్లీషు మాటకు తప్పుడు అర్థం చెప్పుకుని, మా ఉమ్మడి కుటుంబాన్ని ముక్కలు చేయబోయిన వైనం ఇది. నవ్వుకోండి, నాకు అభ్యంతరం లేదు. మా వాళ్ళు ఎలాగూ నవ్వుతూనే ఉన్నారు.

స్వతంత్రం వచ్చి నాలుగైదేళ్ళయింది. నాకు ఇరవై మూడేళ్ళు. అమలాపురంలో బడిపంతులు ఉద్యోగం, బి.ఏ. పాసైన కుర్రాడికి ఉండవలసిన పొగరూ రెండూ కొత్తవే. నాన్న నా చిన్నప్పుడే పోతే, మామిడికుదురులో పెద్దనాన్నగారే నన్ను పెంచి చదివించారు. కొబ్బరితోట మాకు ఉమ్మడిగానే ఉండేది.

ఒకనాడు ఏదో పాత ఇంగ్లీషు పత్రికలో ఒక ప్రకటన కనిపించింది. పూర్వం ఇంగ్లండులో చెట్లనే గుడిగా భావించి పూజలు చేసిన గురువులను డ్రూయిడ్లు అనేవారట. ఈ కాలంలో కొందరు ఆ పద్ధతిని మళ్ళీ బతికించి ఒక సంఘం పెట్టారు. ఎవరైనా తమ ఊళ్ళో దానికి శాఖ తెరవవచ్చు. ఆ శాఖ పేరు ‘గ్రోవ్’. గ్రోవ్ అంటే తోట అని నాకు తెలుసు. చెట్లను పూజించేవాళ్ళ శాఖకు తోట ఉండాలి కాబోలనుకున్నాను. కోనసీమలో తోటకు కరువా? ‘మాకు గ్రోవ్ ఉంది’ అని ఉత్తరం రాసి పడేశాను.

నెలన్నరకు ఒక ఫారం వచ్చింది. మొదటి ప్రశ్న, మీ గ్రోవ్‌లో ‘హౌ మెనీ’ అని. చూడండి, తెలుగువాడైతే ఎంతమంది అనో, ఎన్ని అనో తేల్చి అడుగుతాడు. ఇంగ్లీషువాడికి మనిషికీ మానుకీ ఒకటే మాట. నేను ‘రెండువందల పది’ అని రాశాను.

సమావేశాలకు అందరూ హాజరవుతారా? ‘ఏనాడూ చోటు విడిచి కదలరు.’ ఈ ఏడు ఎవరినైనా కోల్పోయారా? ‘గాలివానకు తొమ్మిది. వాటి స్థానంలో పిల్లల్ని నిలబెట్టాం.’

శాఖకు ముగ్గురు అధికారులు ఉండాలట. ‘పెద్ద’ అనే పదవికి నా పేరు వేసుకున్నాను. లేఖకుడిగా మా బళ్ళో లెక్కలు చెప్పే సామ్యూల్ మేష్టారి పేరు, క్రతువులో నీళ్ళు పోసేవారిగా పెద్దనాన్నగారి పేరు రాశాను. వాళ్ళిద్దరికీ చెప్పాలన్న ఆలోచనే రాలేదు.

జవాబు చదివితే నా కళ్ళు చెమర్చాయి. పోయిన ఆ తొమ్మిదింటి కోసం అక్కడ అందరూ లేచి నిలబడి మౌనం పాటించారట. చెట్లంటే ఎంత ప్రేమ అనుకున్నాను. కింద ఒక నిబంధన ఉంది. ఒక గ్రోవ్‌లో ఇరవై ఒకటికి మించకూడదు, మించితే విడదీసి ఒక్కో భాగానికి ఒక్కో పెద్దను పెట్టాలి, కనుక మీది పది భాగాలు చెయ్యండి అని. పరిశీలించడానికి మిస్ హార్డింగ్ అనే ఆవిడ వస్తున్నారట.

శనివారం ఇంటికి వెళ్ళి, భోజనం చేస్తున్న పెద్దనాన్నగారితో చెప్పాను.

"తోట పది భాగాలు చెయ్యాలటండి."

"ఎవరన్నారు?"

"ఇంగ్లండు వాళ్ళండి."

"వాళ్ళు వెళ్ళిపోయేరు కదరా."

"ఉత్తరం రాసేరండి. ఒక్కో భాగానికి ఒక్కో పెద్ద ఉండాలంట."

"అంటే ఇక నేను పెద్దని కాదన్నమాట," అని, మజ్జిగ పోసుకోకుండానే లేచి చెయ్యి కడుక్కున్నారు.

పెద్దమ్మ కళ్ళొత్తుకుంది. "వాటా కావాలంటే నోరు తెరిచి అడగొచ్చు కదరా. మధ్యలో దొరల్నెందుకు తెచ్చేవు?"

ఎంత చెప్పినా వినలేదు. ఆ తరవాత రెండు శనివారాలు వెళ్ళినా పెద్దనాన్నగారు నా ముఖం చూడలేదు. నాకు అన్నం సయించలేదు. అప్పుడైనా ఆ ఉత్తరం సరిగా చదువుకోవచ్చు కదా అంటారా? బి.ఏ. పాసైనవాడు చదివింది మళ్ళీ చదవడండి.

మిస్ హార్డింగ్ కోటిపల్లి రేవు దాటి వచ్చారు. అరవై దాటిన మనిషి, చేతిలో గొడుగు, సంచిలో పదిమంది పెద్దలు చొక్కాకు తగిలించుకోవడానికి పది బిళ్ళలు. ఇంగ్లీషు అతిథి అనగానే సామ్యూల్ మేష్టారు కూడా వచ్చారు. తోటలో పెద్దనాన్నగారు ప్లీడరును పక్కన పెట్టుకుని, దస్తావేజులతో నులకమంచం మీద సిద్ధంగా ఉన్నారు.

ఆవిడ చుట్టూ చూసి సభ్యులెక్కడని అడిగారు.

"మీ చుట్టూ ఉన్నవాళ్ళేనండి," అన్నాను గర్వంగా.

"గాలివానలో పోయిన తొమ్మిదిమంది?"

నేను మోళ్ళు చూపించాను. ఆవిడ అందులో ఒక మోడు మీద కూలబడ్డారు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నారనుకున్నాను. నవ్వుతున్నారు.

ఆవిడ చేతిలోని నా ఫారం తీసుకుని సామ్యూల్ మేష్టారు మొత్తం చదివారు. "ఇందులో నా పేరెందుకుందండీ? రేపు ఆదివారం పాస్టరు గారికేం చెప్పమంటారు?" అని నన్నడిగి, పెద్దనాన్నగారి వైపు తిరిగారు. "వీళ్ళడిగింది మనుషుల లెక్కండి. మనవాడు చెట్ల లెక్క రాసేడు. తోట పంపకం ఊసే లేదండి, ఆయ్."

ప్లీడరు దిగులుగా కాగితాలు మడుచుకున్నాడు. పెద్దనాన్నగారు ఇన్నాళ్ళకు నా ముఖం చూశారు.

"అయితే నీకు వాటా అక్కర్లేదా?"

"అక్కర్లేదండి."

"మరి నీకేం రోగం వచ్చిందిరా?"

"రాకపోవడమేనండి. ఇంగ్లీషు."

ఆయన పెదవి కొసన నవ్వు కనిపించింది. "ముందు భోజనానికి పదండి," అన్నారు అందరితో. ఆ ‘అందరి’లో నేనూ ఉన్నానని తెలిసి ప్రాణం లేచివచ్చింది.

భోజనాలయ్యాక మిస్ హార్డింగ్ అసలు సంగతి చెబితే, సామ్యూల్ మేష్టారు తెలుగు చేశారు. ముగ్గురు మనుషులుంటే చాలు, దాన్ని ‘మొలక’ అంటారు. జనం పెరిగితే అదే గ్రోవ్ అవుతుంది. పెద్దను మాత్రం ఓటు వేసి ఎన్నుకోవాలి.

"చెట్ల కింద కూర్చుని కబుర్లు చెప్పుకోవడమే కదండీ. అది మేం రోజూ చేసేదే," అన్నారు పెద్దనాన్నగారు. ప్రార్థనల జోలికి మాత్రం రానని చెప్పి సామ్యూల్ మేష్టారూ ఒప్పుకున్నారు.

అక్కడికక్కడే ఓటింగు జరిగింది. ఇద్దరు పెద్దనాన్నగారికి వేశారు. నాకు నేనొక్కడినే వేసుకున్నాను. లేఖకుడిగా సామ్యూల్ మేష్టారే ఉన్నారు. ఇక మిగిలింది నీళ్ళు పోసే ఉద్యోగం.

"ఎవరికి పొయ్యాలండి?" అన్నాను.

"సభ్యులకి. రెండువందల పదిమందని రాసేవు కదా," అన్నారు కొత్త పెద్ద.

ఆ వేసవి ప్రతి ఆదివారం నేను కావడి మోశాను. నా సేవను మెచ్చుకుంటూ ఇంగ్లండు నుంచి ఉత్తరం కూడా వచ్చింది. దాన్ని ఈసారి రెండుసార్లు చదివాను. చదివి, కాలవగట్టు మీద కావడి దించి, తూర్పుకు తిరిగి ప్రతిజ్ఞ చేశాను: ఈ జన్మలో మరే సంఘంలో చేరినా, సభ్యులకు కాళ్ళున్నాయో లేవో చూసుకోకుండా సంతకం పెట్టను.