మరమ్మత్తులో ఉన్న విమానం

మా మావయ్యకు ఉన్నది ఒకే ఒక్క జబ్బు. అనుమానం వచ్చిన ప్రతి వస్తువుకూ బోర్డు తగిలిస్తాడు. ముప్పై నాలుగేళ్లు లిఫ్టులు బాగుచేసి రిటైరైన మనిషి. చివరిరోజు కంపెనీవాళ్లు గోడగడియారం బహుమతిగా ఇస్తే, అది అరనిమిషం వెనక ఉందని అక్కడే వదిలేసి, పనిలో వాడుకున్న రేకుబోర్డు ఒకటి ఇంటికి తెచ్చుకున్నాడు. దాని మీద ఎర్ర అక్షరాలతో "మరమ్మత్తులో ఉంది. వాడరాదు" అని ఉంటుంది. తగిలించుకోవడానికి పైన తాడు.

లిఫ్టు పనివాళ్లకు ఒక నియమం ఉందట. బోర్డు ఎవరు తగిలిస్తే వాళ్లే తియ్యాలి. కింద గుంటలో ఒక మనిషి పనిచేస్తుండగా పైన ఇంకొకడు తొందరపడి బోర్డు తీసి మీట నొక్కితే, కిందవాడి పని అంతే. లిఫ్టుల దగ్గర అది ప్రాణాలు కాపాడే నియమమే, కాదనను. అదే నియమం వంటింట్లో మిక్సీకి కూడా పెడితే అత్తయ్య ఏమైపోవాలి?

ఒకసారి బాత్‌రూం తలుపు కిర్రుమందని బోర్డు తగిలించి, ఆ సంగతి మర్చిపోయి, రెండు రోజుల పని మీద వేరే ఊరు వెళ్లాడు. అత్తయ్య ఫోన్ చేసింది.

"ఏవండీ, బోర్డు తీసెయ్యనా?"

"నేను చూడకుండా ఎలా తీస్తావు?"

"మరి మేమేం చెయ్యాలి?"

"వచ్చేస్తున్నాగా, ఎల్లుండి పొద్దున్నకల్లా అక్కడుంటాను."

ఆ రెండు రోజులూ ఇంటిల్లిపాదీ బకెట్లు పట్టుకుని ఎదురింటికి వెళ్లి స్నానాలు చేశాం. ఆయనకు తెలియకుండా బోర్డు తీసేద్దామని ఒక్కరికీ తోచలేదు. అప్పటికే మేమందరం అలా తయారయ్యాం.

ఒకసారి జ్వరం వస్తే ఆ బోర్డు తన మెడలోనే వేసుకుని పడుకున్నాడు. అత్తయ్య కాఫీ పట్టుకొచ్చి, మంచం పక్కన నిలబడి తీరిగ్గా చదివింది.

"ఇది పెళ్లినాడే వేసుకుని ఉంటే నేను చదువుకుని వెళ్లిపోయేదాన్ని," అంది.

ఇలాంటి మనిషి రిమోటుతో ఎగిరే బొమ్మ విమానం తయారుచెయ్యడం మొదలుపెట్టాడు. బొమ్మ అంటే చేతిలో పట్టేది కాదు, రెక్కలు చాపితే అయిదడుగులుంటుంది. భోజనాల బల్ల మీద ఎనిమిది నెలలు కూర్చుంది. అన్నాళ్లూ మేం కంచాలు చేతిలో పట్టుకుని నిలబడి తిన్నాం. తేలికైన చెక్కతో ఎముకలగూడులాంటి చట్రం చేసింది మావయ్య. దాని మీద పల్చటి ప్లాస్టిక్ పొర పరిచి, ఇస్త్రీపెట్టెతో వేడిచేసి బిగదీసి అంటించింది మాత్రం మా వీధి చివర టైలరుగారు. ఇద్దరూ చిన్నప్పటినుంచీ స్నేహితులు. ఒకరి పనిలో ఒకరు వంకలు పెట్టకపోతే వాళ్లకు పొద్దుపోదు.

మొదటి ఆదివారం పొద్దున్నే పదిహేనుమందిమి స్టేడియం వెనకనున్న ఖాళీ మైదానానికి వెళ్లాం. టైలరుగారు రాలేదు. కూతురింటికి వెళ్లాడని మావయ్య చెప్పాడు. ఆయన కొట్టు కూడా మూసే ఉంది. మావయ్య విమానాన్ని నేల మీద పెట్టి, చుట్టూ రెండుసార్లు తిరిగి, సంచిలోంచి బోర్డు తీసి దాని ముక్కుకి తగిలించాడు.

"ఏమైంది మావయ్యా?" అన్నాను.

"తోక."

"తోకకేమైంది?"

"నాకు నచ్చలేదు."

రెండో ఆదివారం గాలి అన్నాడు. ఆకు కూడా కదలడంలేదని చూపించాం. "అదే నా అనుమానం," అన్నాడు. మూడో ఆదివారం చక్రం. మా పక్కింటి డ్రైవింగ్ స్కూలు మాస్టారు వంగి, వేలితో తిప్పి చూశాడు.

"బ్రహ్మాండంగా తిరుగుతోంది కదండీ."

"మరీ బాగా తిరుగుతోంది," అన్నాడు మావయ్య.

నాలుగో ఆదివారానికి మేం నలుగురమే మిగిలాం. మావయ్యా, అత్తయ్యా, నేనూ, మాస్టారూ. ఆ వేళ దేనిలో లోపమో చెప్పడానిక్కూడా మావయ్య ఓపిక చెయ్యలేదు. సరాసరి బోర్డే తీశాడు. "మా స్కూల్లో ఇలాంటివాళ్లు ఏడాదికి ఒకరైనా వస్తారు," అన్నాడు మాస్టారు నాతో, మావయ్యకు వినపడేలాగే. "అద్దాలు సర్దుకుంటారు, సీటు జరుపుకుంటారు, బండి మాత్రం కదపరు." వీధిలో కనిపించినవాళ్లందరూ విమానం ఎక్కడిదాకా వెళ్లిందని మావయ్యను అడిగేవాళ్లు. ఇంటిదాకా వచ్చిందని చెప్పి వెళ్లిపోయేవాడు.

ఇంతలో మైదానం గేటుకి నోటీసు పడింది. వచ్చే సోమవారం నుంచి అక్కడ ఈతకొలను తవ్వకం. అంటే అయిదో ఆదివారమే ఆఖరిది. ఆ వేళ ఎగరకపోతే ఎనిమిది నెలల కష్టం అటక మీదికే. చుట్టుపక్కల నలభై మైళ్లలో అంత ఖాళీ స్థలం ఇంకెక్కడా లేదు.

శనివారం మధ్యాహ్నం నాకు ఓపిక నశించింది. విమానం బల్ల మీద ఉంది, ముక్కుకి బోర్డు వేలాడుతోంది.

"మావయ్యా, నిజం చెప్పు. కూలిపోతుందని భయమా?"

"భయమే అనుకో."

"అయితే నేనే తీసుకెళ్లి ఎగరేస్తాను," అని బోర్డు తాడు మీద చెయ్యి వేశాను.

"చెయ్యి తియ్యి," అన్నాడు. గొంతు పెంచలేదు. కానీ పుట్టి బుద్ధెరిగిన తర్వాత ఆయన నాతో అలా మాట్లాడటం అదే మొదటిసారి. చెయ్యి తీసేశాను. ఆ రాత్రి కంచం పట్టుకుని ఆయనకు ఎదురుగా నిలబడాలంటే నాకు మొహం చెల్లలేదు.

ఆదివారం ఏడింటికి మైదానంలో మళ్లీ మేం నలుగురమే. మావయ్య విమానాన్ని నేల మీద పెట్టి, దాని వైపు చూడటం మానేసి, గేటు వైపు చూస్తూ నిలబడ్డాడు. ఏడున్నర అయింది. మాస్టారు ఆవలించాడు. ఎనిమిదికి గేటు దగ్గర టాక్సీ ఆగింది. నల్లకళ్లద్దాలు పెట్టుకుని టైలరుగారు దిగారు. మావయ్య తోక చూడలేదు, గాలి చూడలేదు, చక్రం తిప్పలేదు. వంగి బోర్డు తీసి సంచిలో పడేశాడు.

"అదేంటి, మరి లోపం?" అన్నాను.

"బాగైపోయింది," అన్నాడు.

విమానం గడ్డిలో కుదుపులతో పరుగెత్తి, ఒకసారి తూలి, లేచింది. అత్తయ్య నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. ఎనిమిది నెలలు మా అన్నం బల్లను ఆక్రమించిన ఆ వస్తువు అంత తేలిగ్గా లేచిపోతుంటే నిజంగా ఒళ్లు పులకరించింది. స్టేడియం దీపాల స్తంభం చుట్టూ తిరిగి వచ్చింది. మావయ్య దాన్ని కిందికి దించి మా తలల మీదుగా పోనిచ్చాడు. టైలరుగారు మెడ పూర్తిగా వెనక్కి వాల్చి చూశారు.

"ఎడమ రెక్క కింద ముడత ఉందోయ్," అన్నారు.

"ఉంటే ఉండనీ."

"అంత పెద్ద ముడత. అంటించినప్పుడు ఎందుకు చెప్పలేదు?"

"చెబితే పీకి మళ్లీ మొదలుపెడతావు. నాకు ఇంకో నెల నిలబడి తినాలని లేదు."

మాస్టారుకు అర్థం కాలేదు. "మీరే అంటించారు కదండీ, అప్పుడు కనపడలేదా?"

"కనపడితే ఉండనిస్తానా?" అన్నారు టైలరుగారు. ఆ మాట అనేసిన తర్వాత ఇక దాచి లాభం లేదనుకున్నట్టున్నారు. "రెండేళ్లుగా రెండు కళ్లకీ పొరలు. సూదిలో దారం మా ఆవిడే ఎక్కించేది. బయటికి పొక్కితే నాకు బట్టలెవరిస్తారు? ఆపరేషనంటే చచ్చేంత భయం. నువ్వు చేయించుకుని వచ్చి చూసేదాకా ఇది నేల మీదే ఉంటుందని వీడు కూర్చున్నాడు. మొదటి కన్ను అయిపోయాక చాల్లే, ఎగరెయ్యమన్నాను. రెండోది కూడా కానీ అన్నాడు. నిన్ననే కట్టు విప్పారు."

కూతురిల్లు లేదన్నమాట. తోకా లేదు, గాలీ లేదు. నాలుగు వారాలు వీధంతా నవ్వుతుంటే ఈ మనిషి ఒక్క మాట జారలేదు. అందరికన్నా ఎక్కువ నవ్వినవాణ్ని నేనే. సిగ్గేసింది. మాస్టారు గొంతు సవరించుకుని, స్టీరింగు బాగా తిప్పుతున్నారని మావయ్యను మెచ్చుకున్నాడు.

విమానం దిగింది. కాస్త గట్టిగానే దిగింది, కానీ విరగలేదు. మావయ్య దాన్ని ఎత్తుకురావడానికి వెళ్లి వచ్చేసరికి టైలరుగారు కొత్త కళ్లతో లోకమంతా తనిఖీ చేస్తున్నారు. గేటు రంగు బాగాలేదన్నారు. మాస్టారు తలకి వేసుకున్న రంగు ఇంకా బాగాలేదన్నారు. చివరికి నల్లకళ్లద్దాలు నా మీదికి వచ్చి, నెమ్మదిగా కిందికి దిగి, నా కాళ్ల దగ్గర ఆగాయి.

"ఆ ప్యాంటు ఎవరు కుట్టారు? ఒక కాలు రెండంగుళాలు పొట్టిగా ఉంది."

రెండు నెలల క్రితం ఆయన దగ్గరే కుట్టించాను. మావయ్య వంక చూశాను. మావయ్య ఆకాశం వంక చూస్తున్నాడు. విమానమేమో ఆయన చంకలోనే ఉంది.

"రెడీమేడండీ," అన్నాను.

"అనుకున్నాను," అన్నారు టైలరుగారు. "రేపు కొట్టు తెరుస్తున్నా, పట్టుకురా. ఆ తలమాసినవాడెవడో చేసిన పని సరిచేసి పెడతాను."